కుంచానికి గిద్ద తక్కువ

సంచికకి ఏదైనా రాసిమ్మని మా సంపాదక మిత్రుడు మూడు వారాలుగా నా వెంట పడుతున్నాడు. కవిత్వం నాకు పట్టుబడదు. కథ రాద్దామంటే నాకు తెలిసిన మనుషులందరూ మా ఊరివాళ్ళే. వాళ్ళు గుర్తుపట్టారంటే సెలవులకి ఇంటికి వెళ్ళే దారుండదు. రాజకీయాలు రాస్తే యూనియన్‌లో ఏదో ఒక పక్షానికి కోపం. "పోనీ నీ సబ్జెక్టు మీదే రాయవోయ్, లెక్కలవాళ్ళు ఇంతవరకు ఒక్క పేజీ ఇచ్చిన పాపాన పోలేదు" అన్నాడు చివరికి. అందుకని ఒక సంఖ్య గురించి రాస్తున్నాను. మిత్రులు భయపడనక్కర్లేదు. చివర ప్రశ్నలేమీ ఉండవు.

ఆ సంఖ్య ఇది: 18446744073709551615.

మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు. గత రెండేళ్ళుగా ఈ సంఖ్య నా నోటు పుస్తకం మొదటి పేజీలో ఉంది. నా రూమ్మేటు ఇదేదో ఫోన్ నంబరనుకుని, "ఏ దేశంరా?" అని అడిగాడు.

ఈ పాపం మా తెలుగు మాస్టారిది. మాకు తెలుగు క్లాసు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉండేది. సైన్సు కుర్రాళ్ళు సగం మంది కునికిపాట్లు, మిగతా సగం రికార్డులు పూర్తిచేసుకోవడం. ఒకరోజు మాస్టారు పాఠం ఆపి, "లెక్కలవాళ్ళు లేవండోయ్, మీ పద్యం వచ్చింది" అన్నారు. పావులూరి మల్లన గురించి చెప్పారు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసినవాడు మల్లన. పదకొండో శతాబ్దం వాడని ఎక్కువమంది మాట. అంటే మన భాషలో భారతం మొదలైన రోజుల్లోనే లెక్కల పుస్తకమూ మొదలైందన్న మాట. ఇది నాకు ఇంటర్లో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే తెలుగు మార్కులు ఇంకో పది ఎక్కువ వచ్చేవి కాబోలు.

మహావీరుడికి సంఖ్యలతో ఆడుకోవడం సరదా. 152207ని 73తో హెచ్చవేస్తే 11111111 వస్తుంది. ఇలా రెండువైపులనుంచీ ఒకేలా చదువుకునే సంఖ్యల్ని ఆయన హారాలన్నాడు. సరే, మాస్టారు ఆరోజు చదివిన పద్యం హారం కాదు, చదరంగం. మల్లన పేరున ఉన్న ఆ పద్యంలో ఒక్క అంకె కూడా కనిపించదు. అన్నీ మాటలే: ఏనుగు, చంద్రుడు, కొండ, బాణం, ఆకాశం. అవన్నీ అంకెలట! దీన్ని భూతసంఖ్య అంటారు. చంద్రుడు ఒక్కడే కనక 1. అగ్నులు మూడు. వేదాలు నాలుగు. మన్మథుడి బాణాలు అయిదు. కొండలు ఏడు. దిక్కుల్ని మోసే ఏనుగులు ఎనిమిది. శరీరంలో రంధ్రాలు తొమ్మిది. ఆకాశం శూన్యం కాబట్టి సున్న. పైగా మొదట చెప్పిన మాట ఒకట్ల స్థానంలో వెయ్యాలి, తరవాతది పదుల స్థానంలో. అంకెలు ఎడమవైపుకి నడుస్తాయని పాతవాళ్ళ సూత్రం.

"దీన్ని విప్పి రేపు తెచ్చినవాడికి ఇంటర్నల్సులో నేను చూసుకుంటాను" అన్నారు మాస్టారు. నవ్వుతూనే అన్నారు గాని నేను సీరియస్‌గా తీసుకున్నాను. ఆ రాత్రి హాస్టల్లో కూచుని విప్పితే నాకు 18476747073709551615 వచ్చింది.

తప్పు. ఎలా తెలిసిందంటే, పద్యం చివర ఇది చదరంగం బల్లమీది గళ్ళ లెక్క అని ఉంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలన్నది ప్రశ్న. చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని ఇదే బహుమానంగా అడిగాడని, ఇంతేనా అని రాజు నవ్వాడని, తరవాత నవ్వలేదని కథ మీ అందరికీ తెలిసిందే. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ కూడా ఈ లెక్క కట్టాడు. 13వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ ఈ కథని రాసిపెట్టాడు.

మొత్తం కట్టడానికి అరవై నాలుగు కూడికలు అక్కర్లేదు. 1, 2, 4 కూడితే 7, అది 8కి ఒకటి తక్కువ. 8 కూడా కలిపితే 15, అది 16కి ఒకటి తక్కువ. కాబట్టి బల్ల మొత్తం కలిపితే 2⁶⁴కి ఒకటి తక్కువ. 2⁶⁴ కావాలంటే రెండుని వర్గం చేసుకుంటూ పోవడమే: 4, 16, 256, 65536, 4294967296. ఇక చివరి వర్గం ఒక్కటే మిగులుతుంది. పది అంకెల సంఖ్యని పది అంకెల సంఖ్యతో హెచ్చవేయాలి. సెల్ ఫోన్‌లో నొక్కితే 1.8446744 అని చూపించి ఆ తరవాత చేతులెత్తేసింది. కనక తెల్లకాగితం అడ్డంగా పెట్టుకుని చేత్తోనే చేశాను. ఒంటిగంటన్నర అయింది. వచ్చింది 18446744073709551616. సరిచూడ్డానికి తొమ్మిదులు కొట్టేసే పాత పద్ధతి ఉంది గదా: 4294967296లో అంకెలు కూడితే 58, అవి కూడితే 13, అవి కూడితే 4. నాలుగు వర్గం 16, అంటే 7. జవాబులో అంకెలు కూడితే 88, అంటే 16, అంటే 7. సరిపోయింది. ఒకటి తీసేస్తే 6 మిగలాలి. నేను పద్యంలోంచి తీసిన సంఖ్యలో అంకెలు కూడితే 93, అంటే 12, అంటే 3. ఎక్కడో పొరపాటు.

పొరపాటు సముద్రం దగ్గర. పద్యంలో సముద్రం రెండుసార్లు వస్తుంది. నేను సప్తసముద్రాలనుకుని 7 వేశాను. ఈ పద్ధతిలో సముద్రాలు నాలుగే, దిక్కుకొకటి. ఆ రెండు చోట్లా 4 వేస్తే మిగతా పద్దెనిమిది అంకెలూ ఉన్నవి ఉన్నట్టు సరిపోయాయి. వెయ్యేళ్ళనాటి పద్యం, నా తెల్లకాగితం ఒక్క అంకె తేడా లేకుండా కలిసిన ఆ నిమిషంలో నాకు కలిగినది ఏమిటో చెప్పడం నా చేతకాదు. రూమ్మేటుని లేపాను. వాడు తిట్టాడు.

(ఇంటర్నల్సులో మార్కులు పడలేదు. మాస్టారు మరిచిపోయారు. ఈ సంచిక చూసి గుర్తు తెచ్చుకుంటారని ఆశ.)

ఇంతకీ "ఒకటి తక్కువ" అన్న మాట నాకు కొత్త కాదు. మా మామ్మ దగ్గర చిన్నప్పుడే విన్నాను. మా ఊరు నరసన్నపేట వైపు, వంశధార నీళ్ళు పారే ఊరు. మూడెకరాలు వరి. మెట్రిక్ కొలతలు వచ్చి అరవై ఏళ్ళు దాటినా మామ్మ బియ్యం కొలిచేది పాత కొలతలతోనే. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. ఒక్కొక్కటి ముందుదానికి సరిగ్గా రెండింతలు. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచానికి ఎన్ని గిద్దలు? అరవై నాలుగు! బల్లమీది గళ్ళెన్నో అన్ని. ఈ సంగతి తట్టినప్పుడు నేను బస్సులో ఉన్నాను. పక్కసీటాయనకి చెబుదామనుకుని మానుకున్నాను.

నాకు ఆరేడేళ్ళప్పుడు మామ్మ ఒక పొడుపులెక్క వేసేది. "కుంచం ఒగ్గేసి, మిగతా ఆరు కొలతలూ నింపి కుంచంలో ఒంపితే నిండుతాదేట్రా గుంటడా?" నిండుతుంది అనేవాణ్ణి. పొయ్యమనేది. పోసేవాణ్ణి. పైన వేలెడు వెలితి కనిపించేది. "నిండదు. గిద్ద తక్కువ" అనేది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు కలిపితే అరవై మూడు. మరో వింత చూడండి: ఆ ఆరు కొలతలు ఒక్కొక్కటి ఉంటే చాలు, ఏదీ రెండుసార్లు వాడకుండా ఒక గిద్ద నుంచి అరవై మూడు గిద్దల దాకా ఎంతైనా కొలవొచ్చు. పదమూడు గిద్దలు కావాలా? తవ్వ, సోల, గిద్ద. ఇదే కంప్యూటరు లోపల జరిగే లెక్క అని మాకు ఫస్టియర్‌లో నలభై నిమిషాలు చెప్పారు. మామ్మ నాలుగు నిమిషాల్లో చెప్పింది, చివర గుప్పెడు అటుకులు కూడా పెట్టింది.

ఇప్పుడు ఆ సంఖ్య లోపలికి వెళదాం. పెద్ద సంఖ్య ఎదురైతే దాని కులగోత్రాలు అడగాలని మా లెక్కల మాస్టారు అంటారు. సరా బేసా? బేసి, చివర 5 ఉంది. అయిదుతో పోతుంది. అంకెల మొత్తం 87, కనక మూడుతో పోతుంది, తొమ్మిదితో పోదు. ప్రధాన సంఖ్య కాదని అంతటితో తేలిపోయింది. మరి దాని కారణాంకాలన్నీ ఏమిటి? ఇరవై అంకెల సంఖ్యని విడగొట్టమంటే ఎవరికైనా గుండె జారుతుంది. కాని ఇక్కడ తొమ్మిదో తరగతి సూత్రం చాలు. రెండు వర్గాల తేడా అంటే వాటి మూలాల మొత్తాన్ని వాటి తేడాతో హెచ్చవేయడమే. 2⁶⁴ − 1 అంటే 2³² + 1 ని 2³² − 1 తో హెచ్చవేసినట్టు. ఆ రెండోది మళ్ళీ అలాగే విడుతుంది, అందులో రెండోది మళ్ళీ. ఉల్లిపాయలా ఒలుచుకుంటూ పోతే మిగిలేవి ఆరు: 3, 5, 17, 257, 65537, 4294967297.

ఈ ఆరూ మామూలు సంఖ్యలు కావు. వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. ఫెర్మా వృత్తికి న్యాయశాస్త్రం మనిషి, లెక్కలు ఆయనకి సాయంకాలపు వ్యసనం. ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఆయన నమ్మి ఉత్తరాల్లో రాశాడు. మొదటి అయిదూ నిజంగానే ప్రధానాలు. ఆరోది 4294967297 కూడా అంతే అనుకున్నాడు. దాదాపు వందేళ్ళు ఎవరూ కాదనలేకపోయారు. 1732లో ఆయిలర్ అది 641తో పోతుందని చూపించాడు. 641ని 6700417తో హెచ్చవేయండి, సరిగ్గా వస్తుంది.

641 ఎందుకు అన్నది మా మాస్టారు బోర్డుమీద రెండు వరసల్లో చూపించారు. 641 అంటే 5ని 128తో హెచ్చవేసి ఒకటి కలిపినది. అదే 641 అంటే 5⁴, 2⁴ కలిపినది కూడా, 625, 16. ఈ రెండు ముఖాలూ చాలు. 641తో భాగించేటప్పుడు 5 × 2⁷ అన్నది −1తో సమానం. దాన్ని నాలుగో ఘాతానికి తీసుకెళితే 5⁴ × 2²⁸ అన్నది 1తో సమానం. కాని 5⁴ అన్నది −2⁴తో సమానం. ఆ చోట దీన్ని పెడితే −2³² అన్నది 1తో సమానం. అంటే 2³² + 1 శేషం లేకుండా పోతుంది. అయిపోయింది. క్లాసులో ఎవరో చప్పట్లు కొట్టారు. మాస్టారు వెనక్కి తిరిగి చూసి, "సినిమా కాదురా" అన్నారు గాని, ఆయన మొహం చూస్తే సంతోషంగానే ఉంది.

కాబట్టి మన సంఖ్య ఏడు ప్రధానాల లబ్ధం: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండుసార్లు రాదు. మామ్మ కొలతల్లాగే, ఒక్కొక్కటి ఒక్కసారే. వాటిని తీసుకోవడం మానడంలో ఎన్ని రకాలో అన్ని భాజకాలు, 128. ఒక సంఖ్యకి దాన్ని మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే అంతే వస్తే అది పరిపూర్ణ సంఖ్య, 6, 28లాగ. ఎక్కువొస్తే అధిక సంఖ్య. తక్కువొస్తే న్యూన సంఖ్య. మన సంఖ్య న్యూనం. రూపాయికి డెబ్బై పైసలే తిరిగొస్తాయి. మా వ్యవసాయంలాగే అనుకున్నాను.

ఇంకొక్క ముచ్చట. బల్లలో మొదటి సగం, అంటే 32 గళ్ళలో ఉండే గింజలు 4294967295. ఇది 3, 5, 17, 257, 65537ల లబ్ధం. పంతొమ్మిదేళ్ళు నిండకుండానే గౌస్ 1796లో పదిహేడు భుజాల సమబహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయొచ్చని కనిపెట్టాడు. బేసి సంఖ్య భుజాలతో అలా గీయగలమని ఈనాటికి తెలిసినవి మొత్తం 31 రకాలే. ఆ 31 భుజాల సంఖ్యలూ ఈ సగం బల్ల గింజల భాజకాలే, ఒక్క 1 తప్ప. చదరంగం గింజలకీ జామెట్రీ బాక్సుకీ చుట్టరికం ఉంటుందని ఎవరనుకుంటారు? పంతొమ్మిదేళ్ళకి నేనేం చేశానో చెప్పను.

తెలుగువాళ్ళలో ఇలాంటి సంఖ్యలు నోటితో పలికినవారు లక్కోజు సంజీవరాయశర్మగారు. కడప జిల్లా కల్లూరు ఆయనది, పుట్టుగుడ్డి, 1907లో పుట్టి 1997లో పోయారు. గణితావధానాలు చేసేవారు. రెండుని నూట మూడుసార్లు వేసి హెచ్చవేస్తే ఎంతని అడిగితే ముప్ఫై రెండంకెల జవాబు చెప్పారని పేరు. నేను పది అంకెల వర్గానికి అర్ధరాత్రి చేసినవాణ్ణి, ఆయన గురించి ఇంతకన్నా మాట్లాడే అర్హత నాకు లేదు.

2024 సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళాను. నూర్పులయిపోయి, కళ్ళంలో ధాన్యం రాశిగా ఉంది. నాన్న కొలుస్తున్నాడు. కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు. ఎంత నష్టం వచ్చిన ఏడాదైనా మొదటిది లాభమే. నేను ఒక మూల కూచుని స్వర్ణ గింజలు వెయ్యి లెక్కపెట్టాను. కాలేజీకి తీసుకెళ్ళి కెమిస్ట్రీ లాబు త్రాసులో తూచితే ఇరవై గ్రాములకి కాస్త అటూ ఇటూ వచ్చింది గాని, ఆరోజు ఊరి కొట్లోని త్రాసుతో కూడా అదే అంచనా. అంటే కిలోకి యాభై వేల గింజలు. ఎనభై కిలోల బస్తాకి నలభై లక్షలు. ఎకరానికి పాతిక బస్తాల చొప్పున మా మూడెకరాలకి డెబ్బై అయిదు బస్తాలు, ముప్ఫై కోట్ల గింజలు.

"ఏట్రా లెక్కెడతన్నావు?" అన్నాడు నాన్న. చదరంగం కథ చెప్పాను. అంతా విని, "మన గింజలు ఎన్ని గళ్ళకొస్తాయి?" అని అడిగాడు. చూడండి, ఆ రాజుగారికి రాని ప్రశ్న! ఇరవై ఎనిమిది గళ్ళు నింపడానికి 26,84,35,455 గింజలు కావాలి. మాకవి ఉన్నాయి. ఇరవై తొమ్మిదో గడి ఒక్కదానికే ఇంకో 26,84,35,456 కావాలి. మాకు మిగిలేవి మూడు కోట్ల చిల్లర. అదీ తిండికి. కనక మా బతుకు ఇరవై ఎనిమిదో గడి దగ్గర ఆగుతుంది. సగం బల్ల నిండాలంటే నాన్న పద్నాలుగేళ్ళు పండించిందంతా పొయ్యాలి. బల్ల మొత్తానికయితే 36 వేల కోట్ల టన్నుల పైచిలుకు. ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే ధాన్యం ఎనభై కోట్ల టన్నుల మాట. ఆ లెక్కన నాలుగు వందల అరవై ఏళ్ళ పంట.

నాన్న కుంచం బోర్లించి దానిమీద కూచున్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "అయితే రెట్టింపంటే అంత సెడ్డదన్న మాట" అన్నాడు. రాత్రి భోజనాలయ్యాక ట్రంకుపెట్టి అడుగునుంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. "ఇది ఎన్నో గడిలో ఉందో సూడు."

అది ప్రోనోటు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి గాలి చప్పుడు మా జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా పడ్డాయి. వంశధార పొంగి మా పొలంలో ఇసక మేట వేసింది, ఇంటి కప్పు ఎగిరిపోయింది. ఆ నవంబరులో నాన్న ఊళ్ళో ఒకాయన దగ్గర నలభై వేలు తెచ్చాడు, నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ. ఆయన పేరు ఇక్కడెందుకు? అంతకన్నా ఎక్కువ వడ్డీ పుచ్చుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఆపదలో ఇచ్చాడు, అంతవరకు మంచివాడే. మూడేళ్ళకి నోటుకి కాలదోషం పడుతుంది. అందుకని 2021 నవంబరులో నోటు తిరగరాశారు. వడ్డీ 28,800 అసల్లో కలిసి 68,800 అయింది. నాన్న దృష్టిలో అది ఇంకా నలభై వేల అప్పే, దానికి వడ్డీ కలిసింది, అంతే.

నేను కాగితంమీద గళ్ళు గీశాను. మూడేళ్ళకోసారి తిరగరాస్తే ఒక్కొక్క గడిలో అసలు ముందుదానికి 1.72 రెట్లు. మొదటి గడి 40,000. రెండో గడి 68,800. మూడో గడి, 2024 నవంబరు, 1,18,336. నాలుగో గడి, 2027, రెండు లక్షల మూడు వేల అయిదు వందలు దాటుతుంది. ఇది రెట్టింపు కాదు, కొంచెం తక్కువే. కాని రాజుగారి బల్ల బల్లే. నాలుగో గడి చూపించాక నాన్న నా చేతిలోంచి పెన్ను తీసేసుకున్నాడు. "సాలు."

తీర్చడానికి ఉన్నది కాలవగట్టు దగ్గర ముప్ఫై సెంట్ల చెక్క. మా మూడెకరాలకి అది వేరే. మామ్మకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చినది. ఏడాదికి రెండు కూరల పంటలు తీసేది మామ్మ అందులో, ఆనపకాయలు, బెండకాయలు. అమ్మటం మాట ఎవరూ ఎత్తలేదు. నా కాగితం మూడురోజులు వసారాలో దూలానికి గుచ్చి ఉంది. నాలుగోరోజు మామ్మే దాన్ని తీసి, చదవలేదు కనక నన్ను పిలిచి, "ఇందులో నా సెక్క ఎక్కడుందిరా?" అని అడిగింది. నాకు జవాబు రాలేదు. లెక్క నేను కట్టినదే. లెక్క తప్పు కాదని ఇప్పటికీ చెప్పగలను, మూడుసార్లు సరిచూశాను. కాని ఆ కాగితం నేను రాయకుండా ఉంటే ఆ చెక్క ఇంకో ఏడాదైనా ఉండేది, బహుశా ఆ తరవాత చెక్కతోబాటు ఎకరం కూడా పోయేది. ఇవి రెండూ ఒకేసారి నా బుర్రలో ఉంటాయి. దేన్నీ దేనిలోంచీ తీసేయడానికి నాకు సూత్రం తెలీదు.

ఉగాదికి అమ్మేశాం. మామ్మ వేలిముద్ర వేసి చెయ్యి చీరకి తుడుచుకుంది. ఆ ఏప్రిల్‌కి నోటు తిరగరాసి ఇరవై తొమ్మిది నెలలు. నెలకి 1,376 చొప్పున వడ్డీ 39,904, మొత్తం 1,08,704 రూపాయలు. ఆయన అరుగుమీద కూచుని నాన్న అయిదొందల కట్టలు పేర్చాడు. ఆయన మర్యాదస్తుడిలాగే, "పోనీలే, ఏడొందల నాలుగు తీసేద్దాం" అన్నాడు. నాన్న వినిపించుకోనట్టు జేబులోంచి ఏడువందలు తీసి, ఇంకో నాలుగు రూపాయలకి నా వైపు చూశాడు. బస్సు చిల్లర ఉంది, ఇచ్చాను. "గిద్ద తక్కువన్న మాట మనకొద్దు" అన్నాడు. నోటు చింపి నా చేతిలో పెట్టారు.

చెక్క కొన్నవాళ్ళు అందులో టేకు మొక్కలు వేశారు. మామ్మ ఆ దారిన వెళ్ళడం మానేసింది, గుడికి చుట్టు తిరిగి వెళుతుంది. నాతో మాత్రం మామూలుగానే మాట్లాడుతుంది. హాస్టలుకి వచ్చేటప్పుడు గుర్తుగా ఆ గిద్ద ఇమ్మని అడిగాను. ఇవ్వలేదు. "గిద్ద పట్టుకుపోతే ఇంక బేసి కొలత ఎలా తెగుతాదిరా?" అంది. నిజమే. అరసోల నుంచి పైవి ఎన్ని ఉన్నా సరి సంఖ్యలే వస్తాయి.

మా కంప్యూటర్ లాబులో మొన్న సెమిస్టరులో ఒక సంగతి చూశాను. సి భాషలో, గుర్తు లేని అరవై నాలుగు బిట్ల పూర్ణాంకంలో పట్టే అతిపెద్ద సంఖ్య సరిగ్గా మన సంఖ్యే. అరవై నాలుగు గళ్ళు, ప్రతి గడిలో ఉందో లేదో అంతే, మామ్మ కొలతల్లాగ. అన్నీ నిండాక ఒకటి కలిపి చూడమన్నారు. కలిపాను. తెరమీద 0 వచ్చింది. పాడైపోయిందనుకుని మళ్ళీ కలిపాను. మళ్ళీ 0. పట్టడానికి ఇంకో గడి లేదు కనక అన్నీ ఖాళీ అయిపోతాయట.

ఇంటికెళ్ళినప్పుడు నాన్నకి ఇది చెప్పాను. కొడవలి నూరుకుంటూ విన్నాడు. "ఒక్క గింజ ఎక్కువేస్తే మొత్తం సున్నా అయిపోతాదా?"

"అవుతుంది."

"ఏ మిషన్లోనైనా?"

"అలాంటి మిషన్లో అవుతుంది."

నాన్న కొడవలి అంచు బొటనవేలితో చూసుకున్నాడు. "ముందే సెప్పాల్సింది గదురా. ఆ నోటు పట్టుకెళ్ళి మీ కాలేజీ మిషన్లోనే తిరగరాయించేవోణ్ణి."